హారిక గొంతు వెంట న్యూకాసిల్ దాకా

ఇంగ్లండు నుంచి తిరిగొచ్చాక మా రాజమండ్రిలో కనబడ్డ ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న: "ఏం చూశారండీ?" కోటలు చూశాననో, పెద్ద గడియారం చూశాననో, మన దగ్గర్నుంచి ఎత్తుకెళ్ళి మ్యూజియంలో పెట్టిన రాళ్ళూ రప్పలూ చూశాననో చెబితే వాళ్ళకి తృప్తి. నేను అవేవీ చూడలేదు. ఉన్నన్నాళ్ళూ మా చెల్లెలి కూతురి గొంతు కనిపెట్టుకుని కూర్చున్నాను. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి తిండీ తిప్పలూ కూడా చెబుతాను. మధ్యమధ్య నా గుండెదడ వినబడితే సర్దుకుపోండి.

స్లౌ: తువ్వాలు ముసుగు

మా చెల్లెలు వసంత వాళ్ళుండేది స్లౌలో. విమానాశ్రయానికి ఎంత దగ్గరంటే, పెరట్లో నిలబడితే విమానాల పొట్టలు కనబడతాయి. ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఉమ్మడి గోడే అయినా అవతలివాళ్ళెవరో మా చెల్లెలికి ఇన్నేళ్ళయినా సరిగ్గా తెలియదు. చెత్త వెయ్యడానికి కౌన్సిల్ వాళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీ, రంగుకో డబ్బా ఇచ్చారు. వెళ్ళిన మర్నాడే బీరకాయ తొక్కలు కాగితాల డబ్బాలో వేసి, "అది కాదు వదినగారూ, పక్కది" అని మా మరిది చేత మెత్తగా చీవాట్లు తిన్నాను. పిడికెడు కరివేపాకు పౌను పైచిలుకు. మా వీధిలో అడిగితే కొమ్మ విరిచి ఇస్తారు.

హారిక పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే. చిన్నప్పుడు ఉగాది సభలో పట్టుపరికిణీ కట్టించి కీర్తన పాడించారు. ఆ తర్వాత బడిలో ఎవరో గిటారు చేతికిచ్చారు, ఇక కీర్తన గోవిందా. మా మరిది కారులో పెట్టుకునే కంట్రీ పాటలు తనకి పట్టేశాయి. కంట్రీ అంటే మన పల్లెపాటకి దూరపు చుట్టం అనుకోండి. ఊరు, తాగుడు, వాన, మోసపోయిన మనసు, వీటన్నిటినీ గిటారు మీద నింపాదిగా చెప్పుకునే గోడు. హారిక కంప్యూటర్లు చదివి, స్లౌలోనే ఒక ఆఫీసులో చేరి, సాయంత్రాలు పబ్బుల్లో పాడేది. మందు తాగేచోట మా పిల్ల పాడటమేమిటే అని వసంత ఫోన్లో నా దగ్గర ఏడ్చేది.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ బస్టాపులో వానకి తడిసి, ఆ విసుగులోనే 'ఆఖరి బస్సు' అని పాట కట్టి, పడగ్గదిలో పాడి ఇంటర్నెట్‌లో పెట్టింది. అది ఊళ్ళు పట్టుకు తిరిగింది. ఒక రికార్డు కంపెనీ వచ్చి తలుపు తట్టింది. కింది స్థాయిలో నిదానంగా సాగే ఆ పాటని వాళ్ళు పై శ్రుతికి లాగి, డ్రమ్ములు చేర్చి, పల్లవి చివర ఒక పెద్ద కేక పెట్టించారు. జనం ఆ కేకకే పడిపోయారు. కంట్రీ పిల్ల కాస్తా పాప్ గాయని అయింది. ఉద్యోగం మానేసింది. పేరులో మొదటి అక్షరం కోసేసి 'రికా' అయింది. పెద్దవాళ్ళ కచేరీలకు ముందు పాడి పాడి, ఈ ఏడు సొంతంగా ఊరూరా తిరుగుతోంది. నలభై ఏళ్ళుగా పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతున్న నాకు ఆ కేక వింటే భయమేసేది గానీ, మా పిల్ల పేరు పెద్ద అక్షరాల్లో చూస్తే గర్వంగానూ ఉండేది.

నేను దిగిన రెండో రోజో మూడో రోజో, మేడమీద బాత్రూం తలుపు తోస్తే హారిక వేడినీళ్ళ గిన్నె మీద తువ్వాలు ముసుగేసుకుని ఉంది. ముసుగు తీసి నన్ను చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

తను మాట్లాడేది అచ్చం ఆ దేశపు ఇంగ్లీషు. తెలుగంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం నాలుగు ముక్కలే వస్తాయి. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

"అమ్మకి చెప్పొద్దు, పెద్దమ్మా. ప్లీజ్."

"ఏం చెప్పకూడదో ముందు అది చెప్పవే."

ఆ గొంతు వింటేనే నాకు తెలిసిపోయింది. అంచులు చిరిగిన గుడ్డలా ఉంది. లండన్‌లో స్పెషలిస్టు ముక్కులోంచి కెమెరా పంపి చూశాడట. స్వరతంతులు వాచి ఉన్నాయి. వాటి మీద ఒక సన్నటి రక్తనాళం ఉబ్బి ఉంది. గట్టిగా పాడితే అది చిట్లచ్చు.

"చిట్లితే?"

"ఆపరేషన్. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు."

"అయితే పాడకు. దీనికి ఆలోచన కూడానా!"

"ఇంకొక్క షో ఉంది పెద్దమ్మా. న్యూకాసిల్‌లో. కంపెనీ ఆవిడ దానికే వస్తోంది. నచ్చితే రెండో రికార్డు. మానేస్తే, వాళ్ళకి నాలాంటివాళ్ళు ఇంకో పదిమంది వరసలో ఉన్నారు." ఆగి, మింగి, మళ్ళీ అంది. "అమ్మకి తెలిస్తే ఆపేస్తుంది. ఉద్యోగం మానొద్దని చెప్పానా లేదా అంటుంది."

అంటుంది. మా చెల్లెలు నాకు తెలియదూ. ఒప్పుకోకుండా, వద్దనకుండా నిలబడ్డాను. న్యూకాసిల్‌కి నన్ను కూడా తీసుకెళ్ళమన్నాను. అదొక్కటే నేను అడిగింది.

ఆ పూటే మిరియాలూ శొంఠీ దంచి కషాయం పెట్టి, ఎవరూ చూడకుండా పైకి పట్టుకెళ్ళాను. పాపం, పెద్దదాన్నని గౌరవించి గుటకేసింది. వెంటనే దగ్గు. ఆ దగ్గు ఎంతకీ ఆగదు. దగ్గిన కొద్దీ తంతులు రాసుకుంటాయని, కారం తగలకూడదని డాక్టరు చెప్పాడన్న సంగతి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ అప్పుడు చెప్పింది. మిగిలిన కషాయం నేనే తాగాను. నా గొంతు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

స్టాన్‌మోర్: నాకు పట్టిన మైల

ఆ వారాంతం స్టాన్‌మోర్‌లో ఓబులేసు అంకుల్ గారి గృహప్రవేశం. అనంతపురం వైపు మనిషి, మా మరిదికి పాత స్నేహితుడు. హారిక అంకుల్ అంటుంటే నాకూ అదే అలవాటైంది. అక్కడి గృహప్రవేశం మీరు చూడాలి. పాలు పొంగించేముందు హాల్లో పొగకు కూసే అలారానికి స్నానాల టోపీ తొడిగారు. లేకపోతే హోమం మధ్యలో అది మంత్రాలకంటే గట్టిగా అరుస్తుందట. పురోహితుడు వారమంతా సాఫ్ట్‌వేరు ఉద్యోగి, శని ఆదివారాలు వేదం. భోజనం మాత్రం మనదే: మరమరాల ఉగ్గాని దగ్గర్నుంచి ఓళిగల దాకా. ఓళిగ అంటే మన బొబ్బట్టే, వాళ్ళు పల్చగా చేస్తారు. నేను మూడు తిన్నాను.

మనవాళ్ళకి ఒక అలవాటుంది. భోజనాలయ్యాక, ఇంట్లో పాడే పిల్ల ఉంటే వదలరు. డాక్టరు కనబడితే ఎవరూ గదిలో కూర్చోబెట్టి ఆపరేషన్ చెయ్యమనరు గానీ, పాట మాత్రం అందరి సొత్తు.

"ఏం పాపా, ఊర్లన్నీ తిరిగి పాడతాండావు, మా ఇంట్లో పాడకుంటే ఎట్ల?" అన్నాడు ఓబులేసు అంకుల్. "రా, ఇట్ల కూచో. ఆ బస్సు పాట ఒగటి పాడల్ల."

హారిక నవ్వి తల అడ్డంగా ఊపింది.

"పాడుతుందండీ, ఎందుకు పాడదు! మొహమాటం అంతే," అంది వసంత. కూతుర్ని పబ్బులో పాడొద్దని ఏడ్చిన మనిషి, పట్టుచీరల ముందు పాడటానికి అప్పుడే గిటారు కూడా అడిగేస్తోంది. కూర్చున్నవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. "ఆ కేక ఉండాలి మరి!" అని ఎవరో అన్నారు. ఫోన్లు పైకి లేచాయి.

హారిక నాకేసి చూసింది. ఆ చూపు చూశాక నా నోరు నా వశం తప్పింది.

"నాకు మైల!" అన్నాను.

పైకి లేచిన ఫోన్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. ఎలా వచ్చిందో ఆ మాట, నాకే తెలియదు. ఇప్పుడే ఫోన్లో కబురొచ్చిందని, మావారి జ్ఞాతి ఒకాయన కాకినాడలో పోయాడని అల్లుకుంటూ పోయాను. పోయినవాడు అసలు పుట్టనేలేదు కాబట్టి పాపం తగలదని నాలో నేను ధైర్యం చెప్పుకున్నాను. కొత్త ఇల్లు, పొద్దున్నే హోమం, మధ్యాహ్నానికి మైల! ఓబులేసు అంకుల్ భార్య ముఖంలో నెత్తురు లేదు.

"విన్న క్షణం నుంచే కదా ఆంటీ పట్టేది, భోజనాల్లో దోషం లేదు," అన్నాడు సాఫ్ట్‌వేరు పురోహితుడు. "మీరు కాస్త బయటికి వెళితే, నేను మళ్ళీ పుణ్యాహవాచనం చేసేస్తాను."

పాట సంగతి అందరూ మర్చిపోయారు. నన్ను తోటలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టారు. జూన్ నెల. మన దగ్గర రోహిణీ ఎండలకి ఇంకా కొంపలు కాలుతుంటాయి, అక్కడ సన్నగా జల్లు. హారిక గొడుగు పట్టుకుని వచ్చి నా మీద పట్టింది. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా, భుజాలు అదిరేలా నవ్వింది. ఆ ప్రయాణం మొత్తంలో తను మనసారా నవ్వడం నేను చూసింది అప్పుడే.

కారులో వసంత ఊరుకోలేదు. "బావగారికి కాకినాడలో జ్ఞాతులెవరే? నాకు తెలియకుండా?"

"ఉన్నారు. నీకు అన్నీ తెలుసా ఏం?"

"ఇద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు," అంది. ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూతురి ముఖం చాలాసేపు చూసింది. హారిక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ క్షణంలో చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఉత్తరానికి రైలు

న్యూకాసిల్ ప్రయాణానికి లండన్‌లో రైలెక్కాం. మాతో గ్రెగ్ ఉన్నాడు. హారిక కచేరీల వ్యవహారాలన్నీ చూసే మనిషి. మంచివాడే, చేతిలో ఎప్పుడూ కాఫీ, కాలు ఎప్పుడూ ఆడుతుంటుంది. షో దాకా హారిక ఒక్క మాట మాట్లాడకూడదని నిర్ణయం. గుసగుసలు కూడా నిషేధమే, మామూలు మాట కంటే వాటితోనే శ్రమ ఎక్కువట. అందుకని ఏం చెప్పాలన్నా ఫోన్లో రాసి చూపించేది.

ఆ రైళ్ళలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరని విన్నాను గానీ, ఉత్తరానికి పోయేకొద్దీ నాలుకలు వదులవుతాయి. దారిలో ఎక్కిన ఒక ముసలావిడ నా ఎదుట కూర్చుంది. నేను పులిహోర డబ్బా విప్పగానే, "ఆ వాసన ఏమిటి?" అని అడిగింది. పెట్టాను. చింతపండు పులుపుకి కళ్ళు మూసి తెరిచి, ఇంకాస్త పెట్టమంది. బదులుగా తన సంచిలోంచి వెన్న బిస్కట్లు తీసి ఇచ్చింది. మన ఉస్మానియా బిస్కట్టుకి ఉప్పు తగ్గించి నెయ్యి పెంచితే అదే.

మాటల్లో హారికను పోల్చుకుంది. "ఆ బస్సు పాట పిల్లవి కదూ! మా మనవరాలు పొద్దస్తమానం అదే. పైన ఆ కేక ఉంది చూడు, అది లేకపోతే ఆ పాటే లేదు," అంది. హారిక చేతులు జోడించి నవ్వింది. నవ్వు పెదాల మీదే ఉండిపోయింది. గ్రెగ్ కాలు ఇంకా వేగంగా ఆడింది.

ఆవిడ దిగిపోయాక హారిక ఫోన్లో రాసి చూపించింది: "మీ గురువుగారికి స్టేజీ మీద గొంతు పోతే ఏం చేసేవారు?"

నేను చెప్పాను. మా గురువుగారి వెనకాల పాతికేళ్ళు తంబురా పట్టుకుని కూర్చున్నదాన్ని. అది వట్టి శ్రుతి వెయ్యడం కాదు. ఆవిడకి దగ్గొచ్చినా, గుటక పడినా, వయసు మీద పడ్డాక పైస్థాయి అందకపోయినా, ఆ స్వరం నేను అందుకోవాలి. సభలో ఎవరికీ తెలిసేలోపు అందుకోవాలి. దాన్ని వెనకపాట అంటారు. ఆవిడ గాలి పీల్చే తీరుని బట్టే నాకు తెలిసిపోయేది. అందులో మోసం ఏమీ లేదు, వెనక కూర్చున్నది ఎవరో అందరికీ కనబడుతూనే ఉంటుంది.

హారిక ఆ చివరి మాట దగ్గర నాకేసి అదోలా చూసింది. "మాకూ అలాంటిది ఒకటి ఉంది," అని రాసి, గ్రెగ్ పక్కన పెట్టుకున్న లాప్‌టాప్ సంచీ కేసి చూసి, రాసింది చెరిపేసింది. నాకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

న్యూకాసిల్: కేక

న్యూకాసిల్‌లో నది మీద వంతెన పక్కన వంతెన. కిందికి చూస్తే నీళ్ళు మన గోదావరిలో ఒక పాయంత కూడా లేవు గానీ, వంతెనలకి మాత్రం లోటు లేదు. అక్కడివాళ్ళు ఎవరినైనా 'పెట్' అంటారు. టీ అమ్మే అమ్మాయి, టాక్సీ ఆయన, అందరూ నన్ను 'పెట్' అన్నారు. మనం ముక్కూ ముఖం తెలియనివాళ్ళని 'అమ్మా' అన్నట్టే. టీ మూడున్నర పౌన్లు, అందులో చక్కెర మనమే వేసుకోవాలి. ఆ రోజు నాకు ఎంత చక్కెర వేసినా తియ్యగా అనిపించలేదు.

హాలు ఒకప్పుడు చర్చి అట. రంగుటద్దాల కిటికీలు అలాగే ఉన్నాయి, వాటి కింద బీరు అమ్ముతున్నారు. జనమంతా నిలబడే చూస్తారు. నా వయసు చూసి ఎడమవైపు గోడ వారగా, వేదికకి బాగా దగ్గరగా ఒక కుర్చీ వేశారు. సాయంత్రం ఎనిమిదైనా బయట పట్టపగల్లా ఉంది.

నా పక్కన నిలబడ్డ అమ్మాయి నా బొట్టు చూసి, "ఆంటీ, తెలుగోళ్ళా?" అంది. పేరు శ్రావణి, కరీంనగర్. అక్కడ మాస్టర్స్ చదువుతోంది. "టేక్‌అవే హోటల్ల పని చేస్త ఆంటీ. ఇయ్యాల డ్యూటీ రోటా మార్పిచ్చుకొని వచ్చిన. మనోళ్ళ పిల్ల గింత పెద్ద స్టేజీ మీద పాడుతుందంటే మస్తు అనిపిస్తది." నేను పెద్దమ్మనని చెబితే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మొదటి రెండు పాటలు హారిక మంద్రంలో, గిటారు చాటున దాక్కుని గడిపేసింది. నేను తన మెడ నరాలు చూస్తున్నాను. బారు దగ్గర నల్లకోటు వేసుకున్న ఒకావిడ, చేతిలో గ్లాసు ముట్టకుండా నిలబడి ఉంది. కంపెనీ ఆవిడ ఆమేనని గ్రెగ్ చూపులే చెబుతున్నాయి.

మూడోది 'ఆఖరి బస్సు'. డ్రమ్ములు మొదలవగానే జనం ఊగిపోయారు. మొదటి చరణం నడిచింది. రెండో చరణంలో ఒకచోట గొంతు రాపాడింది. శ్రావణికి తెలియలేదు, నాకు తెలిసింది. పల్లవి వస్తోంది. కేక వస్తోంది. హారిక గాలి పీల్చింది. అది పాడబోయేవాళ్ళు పీల్చే గాలి కాదు. పైపైన, భయపడి పీల్చిన గాలి.

ఆ తర్వాత జరిగింది నేను చెయ్యలేదు, నా పాతికేళ్ళ అలవాటు చేసింది. కుర్చీలోంచి లేచి, నోరు తెరిచి, ఆ పైస్వరం అందుకున్నాను. అరవై దాటినా నా గొంతు సభ చివరిదాకా వెళుతుంది, ఆ రోజూ వెళ్ళింది. ముందు వరసలు నాకేసి తిరిగాయి. అదే క్షణంలో పైన స్పీకర్లలోంచి హారిక గొంతు, నిండుగా, ఎక్కడా గీత పడకుండా, ఆకాశానికి లేచింది.

హారిక ఉలిక్కిపడి నాకేసి తిరిగింది. మైకు నుంచి ముఖం పక్కకి వచ్చేసింది. నోరు మూసుకుపోయింది. స్పీకర్లలో మాత్రం హారిక కేక సాగుతూనే ఉంది.

లాప్‌టాప్ సంచీ కేసి తను ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. రికార్డులోని కేకని గ్రెగ్ పాటలో కలిపి పెట్టాడు. ఆ ఒక్కచోట హారిక నోరు కదిపితే చాలు, గొంతు దక్కుతుంది, కంపెనీ దక్కుతుంది, జనానికీ తెలియదు. నేను గనక నోరు మూసుకుని కూర్చుంటే నిజంగానే ఎవరికీ తెలిసేది కాదు.

"గదేంది ఆంటీ?" అంది శ్రావణి, నా చెయ్యి వదిలేసి. "పాట ఆమె పాడ్తలేదా?"

ఎవరో పెద్దగా నవ్వారు. ఎవరో ఈల వేశారు. ఆ ఈలలో మెప్పు లేదు. వరసగా ఫోన్లు లేచాయి. నేను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. దాని జీవితం నా చేతులతో నేనే తగలబెట్టానని అనిపించింది.

హారిక చెయ్యెత్తి, వేదిక వెనక లాప్‌టాప్ నడుపుతున్న కుర్రాడికి ఆపమని సైగ చేసింది. పాట తెగిపోయింది. గ్రెగ్ వేదిక పక్కనుంచి వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. తను మైకు దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు మీరు విన్నది నేనే, కానీ ఇవాళ్టి నేను కాదు," అంది. "నా గొంతు పాడైంది. డాక్టరు పాడొద్దన్నాడు. ఆ సంగతి దాచి, పాడుతున్నట్టు నటించాను. తప్పు నాది. టికెట్ల డబ్బు వాపసు వస్తుంది." గిటారు పట్టీ సర్దుకుంది. "ఆ కేక నా దగ్గర లేదు. ఈ పాట పుట్టినప్పుడు కూడా లేదు. మొదట ఎలా కట్టానో అలా, చిన్నగా, ఒక్కసారి పాడి వెళ్ళిపోతాను. వినాలనిపించనివాళ్ళు వెళ్ళచ్చు."

కొందరు వెళ్ళారు. వాళ్ళ బూట్ల చప్పుడు ఆగేదాకా ఆగి, స్టూలు మీద కూర్చుని, గిటారు తీగలు వదులు చేసి, కింది శ్రుతిలో పాడింది. ఆ స్థాయిలో తన గొంతు నేను ఫోన్లో ఎప్పుడో విన్నాను, మర్చిపోయాను. బొంగురుగానే ఉంది, కానీ ఎక్కడా బిగుసుకోలేదు. బస్సు తప్పిపోయిన పిల్ల వానలో నిలబడి తనతో తను మాట్లాడుకుంటున్నట్టు ఉంది. కేక రావలసిన చోట ఊరికే ఆగి, ఊపిరి తీసుకుని, కిందికే దిగింది. పాట అయ్యాక చప్పట్లు కొట్టారు. గొప్పగా ఏమీ కాదు, మర్యాదగా. శ్రావణి మాత్రం ముక్కు తుడుచుకుంటోంది.

నేను బారు కేసి చూశాను. నల్లకోటు ఆవిడ లేదు. గ్లాసు అక్కడే ఉంది.

మాట లేని పూట

హోటలుకి వెళుతున్నప్పుడు హారిక నాతో మాట్లాడలేదు. లిఫ్టులో మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా, డాక్టరు ఆజ్ఞ. కానీ ఫోన్లో కూడా ఏమీ రాయలేదు. అది వైద్యమో కోపమో నాకు తెలియలేదు. ఉత్త కోపమైతే కాళ్ళు పట్టుకునేదాన్ని. వైద్యమైతే పక్కన కూర్చునేదాన్ని. రెండిట్లో ఏది చెయ్యాలో తెలియక పక్కగదిలో గోడకి చెవి ఒగ్గి కూర్చున్నాను.

పొద్దున్నే వసంత ఫోన్. రాత్రి వీడియో అక్కడికీ పాకింది. ఇక దాచేదేముంది, మొత్తం చెప్పాను. మైలతో సహా. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నాకు చెప్పడానికి భయపడిందా అక్కా?" అంది.

"భయపడింది."

"ఉద్యోగం గురించి అన్నేసి మాటలు అన్నాను కదూ. దగ్గరుండి డాక్టరుకి చూపించు," అంది. "మేం బయల్దేరుతున్నాం."

పలహారాల దగ్గర నా ముందు పళ్ళెంలో ఉడికించిన బీన్సు, రొట్టె, పుట్టగొడుగులు పెట్టారు. ఆ దేశంలో శాకాహారికి పొద్దున్నే దొరికే పలహారం అదే. హారిక గోరువెచ్చని నీళ్ళు తాగుతోంది. గ్రెగ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. చదివి, ఫోన్ నా ముందుకి తోసింది. రెండో రికార్డు లేదు. కంపెనీ మా పిల్లని వదులుకుంది. చదవడానికి నాకు కళ్ళజోడు కావలసి వచ్చింది, పెట్టుకున్నాక అక్షరాలు అలుక్కుపోయాయి. తలెత్తితే హారిక కిటికీలోంచి వంతెన చూస్తోంది.

మన దగ్గర చెవీ ముక్కూ డాక్టరు కావాలంటే వెళ్ళి టోకెను తీసుకుంటే చాలు. అక్కడ ముందు జీపీ అనే పేట డాక్టరు, ఆయన రాసిన ఉత్తరం, ఆ పైన నిరీక్షణ. లండన్ స్పెషలిస్టు ఫోను చేసి చెప్పబట్టి, న్యూకాసిల్‌లో ఆయనకు తెలిసిన డాక్టరు ఒకావిడ ఆ మధ్యాహ్నమే చూస్తానంది. నన్ను లోపలికి రానిచ్చారు.

ముక్కులోంచి సన్నటి గొట్టం వెళ్ళింది. తెర మీద రెండు తెల్లటి అంచులు కనబడ్డాయి. నలభై ఏళ్ళు గొంతులతో బతికినదాన్ని, గొంతు అంటే అదని మొదటిసారి చూశాను. ఒక అంచు ఎర్రగా ఉంది.

"ఒక్కసారి 'ఈ' అనండి, మెల్లగా," అంది డాక్టరు.

హారిక కుర్చీ చేతులు పట్టుకుంది. స్వరం వచ్చింది, కింది స్వరం, బొంగురుగా. తెర మీద ఆ రెండు అంచులూ వణికి, దగ్గరికొచ్చి, కలిశాయి. డాక్టరు వాటిని వెనక్కీ ముందుకీ తిప్పి చాలాసేపు చూసింది.

"నాళం చిట్లలేదు," అంది. రాత్రి వీడియో తనూ చూసిందట. "రాత్రి మీరు ఆ పైది పాడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఇప్పుడైతే ఆపరేషన్ అక్కర్లేదు. కొన్ని వారాలు పూర్తి మౌనం, తర్వాత చికిత్స. ఒక మాట దాచకుండా చెబుతున్నాను, ఆ పై స్వరాలు మళ్ళీ రాకపోవచ్చు. మౌనం మొదలయ్యేలోపు ఏదైనా అడగాలంటే ఒక్కటి అడగండి."

రికార్డు గురించి అడుగుతుందనుకున్నాను. మళ్ళీ వేదిక ఎప్పుడని అడుగుతుందనుకున్నాను.

"నిన్న పాడింది," అంది హారిక. "ఆ కింది గొంతు. అదైనా ఉంటుందా?"

డాక్టరు తెర మీద ఎర్రగా లేని చోటు వేలితో చూపించింది. "దానికేం కాలేదు. ఇన్నాళ్ళూ మీరు వాడకుండా దాచింది అదే కదా."

హారిక ఏడ్చింది. చప్పుడు లేకుండా, గొంతు కదలకుండా ఏడవడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాక, నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. కోపం పోయిందా తల్లీ అని అడగబోయాను. జవాబు చెప్పాలంటే తను నోరు విప్పాలి. ఊరుకున్నాను.